బోడిగుట్ట గాజులు

మా మేనత్త తాయమ్మ ఒక అడవిని కనింది. మామూలుగా కనలేదు. అరవై గొర్రెల కడుపుల్లో దాన్ని మోయించి, ఏడు వానాకాలాలు నొప్పులు పడి, మంత్రసాని లేకుండానే కొండంత బిడ్డను కనింది. కొండంత అన్నది మాటవరసకు కాదు, ఆ బిడ్డ కొండే. నమ్మనివాళ్లు ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కి, బూదిగల్లు దగ్గర దించమని కండక్టరుకు చెప్పండి. దిగి ఉత్తరం వైపు చూడండి. చూశాక కూడా నమ్మబుద్ధి కాకపోతే ఆ లోపం మీ కళ్లది, నా నోటిది కాదు.

ఆ గుట్టకు మా తాతల కాలంలో పిట్టలగుట్ట అని పేరు. దాని మీద చండ్ర, చిరుమాను, వేప, రేగు ఎంత దట్టంగా ఉండేవంటే, పైన తప్పిపోయిన మేకపిల్ల మూడేళ్ల తర్వాత మనవళ్లతో సహా దిగి వచ్చిందని మా నాయన ఒట్టు పెట్టి చెప్పేవాడు. మా వంశంలో ఒట్లకు కొదవ లేదు. గుట్ట అడుగున రెండు బండల సందులో ఒక ఊట ఉండేది. ఎండాకాలం కూడా దోసిలి పెడితే నిండేదట.

అప్పుడు జర్మనీవాడికీ ఇంగ్లీషువాడికీ యుద్ధం వచ్చింది. వాళ్లు ఎక్కడో కొట్టుకుంటే దెబ్బ మా గుట్టకు తగిలింది. పెట్రోలు దొరక్క బస్సులను బొగ్గుతో నడిపిన రోజులవి. బస్సు వెనక నిలువెత్తు ఇనుప పొయ్యి కట్టి, క్లీనరు చెమటలు కక్కుతూ గాలిచక్రం తిప్పితే, గంటకు బండి కదిలేది. ఆ పొయ్యిలోకి బొగ్గు ఎక్కడిది? మా గుట్టదే. గుంటలు తవ్వి, చెట్లు నరికి పేర్చి, పైన మట్టి కప్పి కాల్చారు. నాలుగేళ్లలో పిట్టలగుట్ట మొత్తం ముక్కలు ముక్కలై బస్సెక్కి ఆదోనికి పోయింది. తిరుగు టికెట్టు మాత్రం తీసుకోలేదు.

చెట్లు పోయాక మన్ను పోయింది. పట్టుకునే వేరు లేక ప్రతి వానకూ గుట్ట కొంచెం కొంచెంగా వంకలోకి దిగిపోయింది. చివరికి బండలు మిగిలాయి, బక్కోడి పక్కటెముకల్లా. ఊట ఎండింది. పిట్టలు వెతుక్కుని వెతుక్కుని ఎటో పోయాయి. పిట్టలు లేని గుట్టకు పిట్టల పేరెందుకని ఊళ్లో అందరూ బోడిగుట్ట అనడం మొదలుపెట్టారు.

ఇక తాయమ్మత్త సంగతి. మాది గొర్రెలు కాసే కురువల ఇల్లు. అత్త మొగుడు తుంగభద్ర డ్యాము పనికి పోయి అక్కడే జ్వరంతో పోయాడు. ఆయన విడిచిపోయిన అరవై గొర్రెలే ఆమె ఆస్తి, ఆమె అన్నం, ఆమె సంసారం. మనిషి పొడుగు. ఎండైనా చలైనా భుజాన నల్ల కంబళి. మాటలు మాత్రం తూకం వేసి ఇస్తుంది, కొసరు ఉండదు. నేను పది మాటలు మాట్లాడితే ఆమె ఒకటి మాట్లాడేది. ఆ ఒక్కటీ నా పదింటినీ కింద పడేసేది. అందుకే ఆమె కథ ఆమె చెప్పదు, నేను చెప్పాల్సి వచ్చింది.

గొర్రెలకు పాలు తక్కువ, ఉన్ని ఏడాదికి రెండుసార్లు. అసలు బతుకు వాటి పెంటికల్లో ఉంది. విత్తనాల ముందు రైతులు మందను పిలిచి చేలో నిలుపుకుంటారు. చుట్టూ ముళ్లకంప కంచె వేసి, రోజుకొక చోట చొప్పున చేనంతా మందను జరుపుతూ పోతే, ఆ ఎరువుకు నేల బలుస్తుంది. అలా నిలిపినందుకు రైతు జొన్నలు కొలుస్తాడు. మందను పిలిచే చేను ఉంటేనే తాయమ్మత్త కుండలో సంగటి ఉడికేది. పిలిచేవాళ్లు లేకపోతే మంద అమ్మి కూలికి పోవడమే.

ఈ పనికి ఒక కట్టుబాటు ఉంది. ఎండాకాలం గడ్డి మాడిపోతే కాపరులు వంక గట్టున తుమ్మచెట్లను దోటితో దులిపి కాయలు మేపుతారు. గొర్రెలకు అది మిఠాయి. కాయ అరుగుతుంది గాని గింజ అరగదు. కడుపులో నానుకుని, పెంటికతో బయటపడి, తడి తగిలితే చటుక్కున మొలుస్తుంది. కాబట్టి కాయ మేసిన మందను నాలుగు రోజులు ఊరి బయట బీట్లో నిలిపి, కడుపులు ఖాళీ అయ్యాకే చేలోకి దింపాలి. బూదిగల్లులో ఏ కాపరీ ఇది తప్పడు. తాయమ్మత్త ఒక్కసారి తప్పింది.

అది గంజికేంద్రాలు పెట్టిన కరువు ఏడు, యాభైరెండు. మాదన్న అనే రైతుకు వంక పక్కన ఎనిమిది ఎకరాల నల్లరేగడి ఉంది. ఊళ్లో మొదటి రకం నేల. వైశాఖం చివర దక్షిణాన మబ్బు కనబడగానే ఆయన పరుగున వచ్చాడు. ఆదోనిలో నేను చేసే మిల్లుకు పని లేక ఆ రోజు నేనూ అత్త దగ్గరే ఉన్నాను.

"తాయమ్మా, మందను దింపు. ఈ పొద్దే."

"కాయ మేసినాయన్నా. నాలుగు పొద్దులు బీట్లో నిలపల్ల."

"నాలుగు పొద్దులా? ఆ మబ్బు సూడు, బర్రె మాదిరి ఎట్ల కూసుండాదో! వాన పడితే మంద నిలిపేదెప్పుడు, ఇత్తేదెప్పుడు? నువ్వు దింపకుంటే సెప్పు, ఈరన్న మందను పిలుస్తా."

అత్త ఇంట్లోకి పోయి కుండలో చెయ్యి పెట్టి చూసింది. నాకు కుండ అడుగు గీరిన చప్పుడు వినబడింది. బయటికి వచ్చి కంబళి భుజాన వేసుకుంది.

"పదన్నా."

ఆ రోజు నుంచి పదకొండు రోజులు మంద మాదన్న చేలో నిలిచింది. మబ్బు మాత్రం వానతో రాలేదు, ఊరికే చూసి పోయింది. వాన నెల తర్వాత పడింది. మాదన్న జొన్న విత్తాడు. వారం తిరిగేసరికి చేను పచ్చగా మొలిచింది. జొన్న సాలు సాలుగా మొలిచింది. సాళ్ల మధ్య, సాళ్ల మీద, గట్ల వెంట తుమ్మ మొలిచింది. నెమలి ఈకలోంచి తెంపి గుచ్చినట్టు చిన్నచిన్న ఆకులు. పొద్దున మంచులో చూస్తే ఎంత అందంగా ఉందంటే, నేను నోరు జారి "బాగుందే" అన్నాను. మాదన్న నన్ను కొట్టడానికి ములుగర్ర తీశాడు.

చావిడిలో పంచాయితీ కూర్చుంది. పెద్దమనిషి సుబ్బన్న గడ్డం గోక్కుంటూ అడిగాడు.

"కాయ మేపినావా, తాయమ్మా?"

"మేపినా."

"నాలుగు పొద్దులు నిలిపినావా?"

"లేదు."

"ఎందుకు నిలపలే?"

అత్త మాదన్న వైపు చూడలేదు. మాదన్న పైకప్పు దూలాలు లెక్కపెడుతున్నాడు.

"నిలపలే," అంది అత్త.

తీర్పు అయింది. మాదన్న చేలో తుమ్మ మొక్క అనేది ఒక్కటి కూడా లేదు అనేదాకా తాయమ్మ మంద ఊళ్లో ఏ చేలోనూ దిగకూడదు. మొక్కలు పీకే బాధ్యతా ఆమెదే. ప్రతి ఏడు తొలకరి తర్వాత పెద్దమనుషులు చేను నడిచి చూస్తారు.

బయటికి వచ్చాక నేను ఆగలేకపోయాను.

"ఆయప్పే తొందర పెట్టినాడని సెప్పొచ్చు కదత్తా! నీ నోట్లో ముత్యాలు రాలతాయా?"

"దింపింది నేను. ఆయప్ప నోరు గొర్రెల్ని తోలలేదు కదరా."

వినడానికి చిన్న శిక్షే. పీకితే అయిపోతుంది కదా అని నేనూ అనుకున్నాను. తుమ్మగింజ నాకంటే బద్ధకస్తురాలని అప్పుడు తెలియదు. అన్నీ ఒకేసారి లేవవు. కొన్ని ఈ వానకు లేస్తాయి, కొన్ని ఇంకో ఏడాది నిద్రపోతాయి, కొన్ని నాగలి కింద పడి లోపలికి పోయి నాలుగేళ్లకు ఒళ్లు విరుచుకుంటాయి. ఆ ఏడు అత్త వంగిన నడుము ఎత్తకుండా నెలన్నర పీకింది. మరుసటి తొలకరికి పెద్దలు నడిచారు. మళ్లీ ఉన్నాయి. కర్నూలు రాజధాని అయిన ఏడు కూడా ఉన్నాయి. ఊరంతా ఆ సంబరంలో బెల్లం పంచుకుంటుంటే అత్త చేలో వంగి ఉంది.

మందకు మాత్రం చోటు కావాలి. ఎవరి చేలూ వద్దన్నప్పుడు మిగిలింది ఎవరికీ అక్కరలేని బోడిగుట్ట. అత్త మందను అక్కడికి తోలింది.

ఇక్కడ నుంచి కథ కొంచెం మసకగా ఉంటుంది. తప్పు నాది కాదు, ఆ గుట్ట మీది ఎండది. మధ్యాహ్నం పూట బండల మీంచి వేడి లేచి గాలి నీళ్లలా అల్లాడేది. ఆ నీళ్లలో అత్త, ఆమె కంబళి, అరవై గొర్రెలు తేలుతూ కనబడేవి. గొర్రెల కాళ్లు కనబడేవి కావు. తెల్లవీ నల్లవీ మబ్బుతునకలు కొన్ని మెల్లగా గుట్ట ఎక్కుతున్నట్టు, వాటి వెనక ఒక పొడుగాటి నీడ నడుస్తున్నట్టు ఉండేది. మిల్లు సెలవుల్లో నేను పోయి బండ మీద పడుకునేవాణ్ని. గంటలు మోగేవి, ఆగేవి. కళ్లు మూసి తెరిచేలోపు మంద ఇంకో చోట ఉండేది. ఆ రోజు సోమవారమో శుక్రవారమో నాకు తెలిసేది కాదు. తెలుసుకోవాలని కూడా అనిపించేది కాదు.

అత్త రోజూ వంక గట్టు నుంచి తుమ్మకొమ్మలు మోసుకొచ్చేది. గొర్రెలు ఆకూ కాయా మేశాక మిగిలిన ముళ్లకంపను గుండ్రంగా పేర్చి కంచె వేసేది. సాయంకాలం మందను అందులో నిలిపేది. పది రోజులకు ఆ చోటు విడిచి, ఇరవై బారలు పైకి జరిగి, కొత్త కంపతో కొత్త కంచె. పాత కంచెను అక్కడే వదిలేసేది.

"ఆ కంపనే మోసుకుపోవచ్చు కదత్తా? కొత్తది కొట్టుకొచ్చే పని తప్పుతుంది."

"మేత కోసం కొమ్మ ఎట్లాగూ తెస్తాండా కదా. పాతది మోసేదెందుకు?"

మంద ఒకసారి నిలిచిన చోట ఏడాది తిరిగేదాకా మళ్లీ నిలపకూడదని కాపరుల నమ్మకం. నిలిపితే గిట్టలు పుళ్లుపడతాయి, పిడుదులు పడతాయి. అందువల్ల వదిలిన ముళ్లవలయాల్లోకి గొర్రె పోదు, ముళ్లకు జంకి మేక పోదు, ఊరి ఆవు మూతి పెట్టదు. గుట్ట మీద అలాంటి వలయాలు ఒకటి, మూడు, పది అయ్యాయి. వాటి లోపల జానెడు మందాన పెంటికలు. పేడపురుగులు వచ్చి వాటిని బంతులు చేసి భూమిలోకి దొర్లించాయి. చెదలు వచ్చి ఎండిన కంపను నమిలి మన్ను చేశాయి. గాలి దుమ్ము తెచ్చింది. కంచెకు తగిలి అది అక్కడే ఆగింది.

మొదటి వానకు ఆ వలయాల్లో పల్లేరు, వెంపలి మొలిచాయి. ఎందుకూ పనికిరాని కలుపు అని అందరూ నవ్వారు. రెండో వానకు కలుపు పక్కన గడ్డి. ఆ గడ్డి కింద నీడ, నీడ కింద తడి, ఆ తడిలో తుమ్మపిల్లలు. మాదన్న చేలో అత్త పీకుతున్నవే. ఇక్కడ పీకేవాళ్లు లేరు. నేల ఒక చోట తిట్టినదాన్నే ఇంకో చోట ఎత్తుకుని ముద్దాడుతుందని నాకు అప్పుడే తెలిసింది. ఆ సంగతి అత్తతో చెబితే "పొద్దు పోయింది, లే" అంది.

మూడో ఏడు ఊరి నుంచి చూస్తే గుట్ట తమాషాగా ఉండేది. ఒంటి నిండా బూడిదరంగు, దాని మీద పచ్చటి గుండ్రాలు. ఒక పెద్ద ముసలమ్మ వెల్లకిలా పడుకుని ఒళ్లంతా పచ్చగాజులు వేసుకున్నట్టు. వాన మబ్బు పైనుంచి పోతుంటే దాని నీడలో గాజులు ఒక్కొక్కటే ఆరిపోయి మళ్లీ ఒక్కొక్కటే వెలిగేవి. చప్పుడు కూడా వినబడిందని నేను ఆదోని బస్టాండులో చెప్పాను. నలుగురు నమ్మారు.

అందం కుండలో ఉడకదు కదా. యాభైఐదు ఎండాకాలం అత్తకు గడవలేదు. కలుపు కూలీ, ఉన్నీ కలిపినా ఒక పూటకే సరి. మంద నలభైకి దిగింది. పాత వలయాల్లో గడ్డి మోకాలెత్తు ఉంది. తోలి మేపుకోమని నేనే చెప్పాను. కంకి రాలేదాకా ఆగాలంది. కంకి రాలాక కొడవలితో కోసి తెచ్చి మేపింది, గొర్రెలను మాత్రం లోపలికి విడవలేదు. గొర్రె పోతే మొలకను కూడా కొరుకుతుంది, మొలక పోతే వచ్చే ఏడు కొమ్మ ఉండదని ఆమె లెక్క. ఆ గడ్డి కూడా అయిపోయింది. ఒక రోజు పొద్దున నన్ను పిలిచింది.

"ఎంకటేసులూ, ఎమ్మిగనూరు సంతకు పోదాం పా. మందను అమ్మేస్తా."

ఆమె గొంతులో ఏమీ లేదు. ఉప్పు అయిపోయింది తెద్దాం అన్నట్టే అంది. మంద పోతే ఆమె ఎవరు? భుజాన కంబళి ఉన్న కూలిమనిషి.

సంతలో ఒక బేరగాడు వచ్చాడు. ఆదోని కసాయివాళ్లకు మందలు మందలుగా కొనిపెట్టేవాడు. నేను అత్తను వెనక్కి నెట్టి ముందుకొచ్చాను. గొర్రెలను పొగడటంలో ఆ జిల్లాలో నన్ను మించినవాడు లేడు.

"సూడన్నా, ఇవి గొర్రెలు కాదు, ఏనుగులు. ఉన్ని కప్పుకున్నాయి కాబట్టి గొర్రెలనుకుంటాండారు. ఈ ముందరిది సూడు, ఒక ఈతకు నాలుగు పిల్లలు!"

"ఒకటే," అంది అత్త వెనకనుంచి. "అదీ సచ్చిపాయ."

బేరగాడు నన్ను చూశాడు, అత్తను చూశాడు.

"దీనికి దగ్గేమైనా ఉందామ్మా?"

"దానికి లేదు. ఆ నల్లదానికుంది. ఆ పక్కది గొడ్డుది. కొమ్ము ఇరిగిన దానికి పోయిన నెల కడుపులో పాములు పడినాయి, మందు పోసినా."

"అత్తా, నువ్వు గమ్మునుండు!"

"అడిగినాడు కదరా."

పొద్దు వాలేదాకా నలుగురు బేరగాళ్లు వచ్చారు. నలుగురికీ వాళ్లు అడిగినదానికంటే ఆమె ఎక్కువే చెప్పింది. ఆఖరివాడు వెళుతూ "ఏమప్పా, ఈమె అమ్మేకి వచ్చిందా, జబ్బులు సెప్పేకి వచ్చిందా?" అన్నాడు. నలభై గొర్రెలూ మళ్లీ మాతోనే బూదిగల్లు దారి పట్టాయి. నేను దారంతా తిట్టాను. దుమ్ములో గంటలు మోగుతున్నాయి. సగం దారిలో ఆమె నోరు విప్పింది.

"అమ్మేకి మనసు లేకపాయ," అంది. తిరుగుదారి మొత్తానికి నాతో మాట్లాడిన మాట అదే.

ఆ ఏడు ఆదుకున్నది బోడిగుట్టే. మొదటి వలయాల్లో తుమ్మలు ఆడమనిషి ఎత్తు దాటాయి. వాటి ముళ్లే వాటికి కంచె. ఇక గొర్రెలు కింద మేసినా చెట్టుకు భయం లేదు. అత్త మొదటిసారి కంపను పక్కకు లాగి మందను లోపలికి విడిచింది. ఆ తుమ్మల కొమ్మల మీద కూర్చున్న పిట్టలు ఎక్కడెక్కడో తిన్న పళ్ల గింజలు కింద రాల్చాయి. తుమ్మ కింద వేప లేచింది. వేప పక్కన బలుసు, బలుసు పక్కన జానపండు, బండ సందులో ఎవరూ పెట్టని సీతాఫలం. కౌజుపిట్టలు వచ్చాయి. కౌజుల కోసం నక్క వచ్చింది. చిరుతపులి కూడా వచ్చి "తాయమ్మ ఇల్లు ఎక్కడ?" అని నన్నే అడిగిందని నేను చెబుతుంటాను. ఉడుము అయితే నిజంగానే వచ్చింది. మా గుట్ట ఒకప్పుడు బస్సెక్కి పోయింది కదా, అది కాలినడకన, విత్తనం విత్తనంగా, పిట్ట ముక్కునా గొర్రె కడుపునా దాక్కుని ఇల్లు చేరుతోంది అనిపించేది నాకు.

రాజధాని హైదరాబాదుకు పోయిన మరుసటి ఏడు, ఒక పొద్దున ఊట దగ్గర రాయి తడిగా కనబడింది. చెమట పట్టిన నుదురులాగా. నేను నాలుకతో తాకి చూశాను. తీపి. ఇంకో వానాకాలం గడిచేసరికి చుక్క చుక్కగా ఒక ముంత నిండేది. నిండడానికి ఒక జాము పట్టేది. ఆ జాము సేపు అత్త పక్కన కూర్చుని చుక్కలు వినేది. నేను మాట్లాడబోతే చెయ్యి ఎత్తేది.

కింద ఊళ్లో కథ వేరుగా ఉంది. ఈరన్న మంద యాభైనాలుగులోనే రోగంతో పోయింది, ఆయన ఆదోనిలో జిన్నింగు మిల్లు కూలికి చేరాడు. చుట్టుపక్కల మందలు కాలువ నీళ్లున్న ఊళ్లకు పోయాయి. బూదిగల్లు చేలల్లో నాలుగేళ్లుగా మంద నిలవలేదు. జొన్నకంకి చూపుడువేలంత అయింది. అయినా ప్రతి తొలకరికీ మాదన్న చేలో రెండో మూడో తుమ్మలు తల ఎత్తేవి. పంచాయితీ మాట పంచాయితీ మాటే.

యాభైఎనిమిది చైత్రంలో మాదన్న కోడెదూడ తప్పిపోయి గుట్ట ఎక్కింది. దాన్ని వెతుక్కుంటూ, నేనూ అత్తా ఉన్న చోటికి మాదన్న వచ్చాడు. యుద్ధం తర్వాత ఆయన ఆ గుట్ట ఎక్కడం అదే మొదలు. దూడ ఒక పాత వలయంలో పడుకుని నెమరేస్తోంది. మాదన్న దాన్ని లేపలేదు. తలపాగా తీసి తుమ్మనీడలో కూర్చున్నాడు. పైన పూత. పసుపుపచ్చటి చిన్న బంతులు ఆయన నెత్తి మీద, భుజాల మీద రాలుతున్నాయి. గువ్వ ఒకటి మూలుగుతోంది. నిద్రపోయాడేమో అనుకున్నాను. తర్వాత చెయ్యి పెట్టి మన్ను తవ్వాడు, పిడికిట్లో నలిపాడు, వాసన చూశాడు.

"ఇది నా సేని మన్ను కంటే నల్లగుండాది కదమ్మా."

అత్త గొర్రెకాలి ముల్లు తీస్తోంది.

"ఆ పొద్దు తొందర పెట్టింది నేనే, తాయమ్మా."

"ఔ."

"సావిట్లో సెప్పకపోతివే?"

"నువ్వూ సెప్పలేదు."

మాదన్న పిడికిలి విప్పాడు. మన్ను జారింది. "ఈ ఏడన్నా నా సేను సుద్ధంగా ఉంటే సాలు," అన్నాడు, గుట్టకు మొక్కుకున్నట్టు. "ఇంకో ఏడు మంద లేకుంటే ఆ సేను నాకు కాటికే పనికొస్తది."

అంటే ఇద్దరికీ కావలసింది ఒక్కటే. చేలో ఒక్క మొక్క కూడా ఉండకూడదు. ఉంటే అత్తకు ఇంకో ఏడు చేలు లేవు, ఆ మంద ఇంకో ఏడు నిలవదు. అప్పటికి మంద ముప్పైరెండు.

తొలకరి పడింది. మంద దిగుతుందేమోనన్న ఆశతో మాదన్న ఇంకా విత్తలేదు. అత్త పది రోజులు చేలో వంగి అడుగడుగునా వెతికింది. పదకొండో రోజు పొద్దున పెద్దలు వచ్చారు. సుబ్బన్న ముందు, మాదన్న వెనక, ఊళ్లో సగం గట్ల మీద. ఇంత జాగ్రత్తగా ఏమీ చూడని తనిఖీ నేను ఎక్కడా చూడలేదు. సుబ్బన్న కళ్లు మబ్బుల్లో ఉన్నాయి. ఇంకో పెద్దమనిషి కొంగల్ని లెక్కపెడుతున్నాడు. మాదన్న తన కాలి వేళ్ల ముందు తప్ప ఎక్కడా చూడటం లేదు. ఊరికి మంద కావాలి, ఆ సంగతి అందరి మెడల్లోనూ కనబడుతోంది. మెత్తటి తడినేల మీద అందరూ కలలో నడిచినట్టు నడిచి ఆ చివర తేలారు.

సుబ్బన్న గొంతు సవరించుకున్నాడు.

"సేను సుద్ధంగా ఉండాది. ఒక్క తుమ్మ మొక్క కూడా లేదు. తాయమ్మా, నీ మంద—"

"ఒకటుండాది," అంది అత్త.

నేను ఆమె కంబళి పట్టి లాగాను. ఆమె కదల్లేదు. వేలు చాచి తూర్పు గట్టు చూపించింది.

"ఆ రాయి పక్కన. జానెడుండాది."

సుబ్బన్న నోరు తెరిచినది తెరిచినట్టే ఉంది. ఏడు వానాకాలాలు ఆ జానెడు మొక్క దగ్గరికి వచ్చి నిలబడ్డాయి. మాదన్న ఒక్కడే గట్టు దాకా నడిచి పోయాడు. కింద కూర్చున్నాడు. దాని ఆకును వేలితో తాకాడు, తాకగానే ముడుచుకుందో, నాకే అలా అనిపించిందో. పీకుతాడని ఊరంతా అనుకుంది. లేచి నిలబడి, ఇటు తిరిగి, చావిట్లో చెప్పాల్సిన మాట ఆరేళ్ల తర్వాత చేలో చెప్పాడు.

"కాయ మేసినాయి, నాలుగు పొద్దులు ఆగల్లని ఆయమ్మ సెప్పింది. ఆగనియ్యనిది నేను. తప్పు సగం నాది. ఈ సెట్టును నేను పీకను, ఎవుర్నీ పీకనియ్యను. గట్టు మీద ఉండనీ, ఎద్దులకు నీడకైతది. సుబ్బన్నా, నా సేను సుద్ధమే. తాయమ్మా, మందను దింపు."

సుబ్బన్న నోరు మూసుకుని, మళ్లీ తెరిచి, "దింపు," అన్నాడు.

అత్త దింపలేదు. నాలుగు పొద్దులు బీట్లో నిలిపింది. ఐదో రోజు పొద్దున, మంచు ఇంకా నేలను విడవకముందే, ముప్పైరెండు గొర్రెలు బోడిగుట్ట మీది పచ్చగాజుల మధ్య నుంచి వరసగా దిగి వచ్చాయి. కాళ్లు మంచులో మునిగి కనబడలేదు. గంటల చప్పుడు ముందు వచ్చింది, మంద తర్వాత వచ్చింది. మాదన్న చేటలో జొన్నలు పట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు.

ఆ తుమ్మకు ఇప్పుడు రెండేళ్లు. ఆదోని బస్టాండులో, ఎమ్మిగనూరు సంతలో నేను దాని కథ చెబుతుంటాను. తాయమ్మ వేల మొక్కలు పీకిన చేతులతో ఆ ఒక్కదాన్నీ కావాలనే వదిలిందని, న్యాయం బతికి ఉందో లేదో చూడటానికి సాక్షిగా నిలబెట్టిందని, మాదన్న మనసుకు పరీక్ష పెట్టిందని. జనం ముక్కున వేలేసుకుంటారు. ఒకరిద్దరు ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు కూడా. పోయిన వారం అత్త ముందరే ఆ కథ చెబుతూ, నువ్వే చెప్పత్తా అని ఆమె వైపు తిరిగాను. గొర్రె ఉన్ని కత్తిరిస్తోంది. కత్తెర ఆపలేదు.

"కావాలని ఇడిసింది కాదప్పా. దాని ఏరు రాయి కిందికి పోయింది. పీకినా, రాలేదు."